ఎడారి తోటలో ముసురు దినము

ఎడారిలో తోట యేమి, ఆ తోటలో చలికి వణకుచు వానకు తడియుచు పనిచేయుట యేమి యని శీర్షిక చూచినవారికి సందేహము కలుగవచ్చును. ఎడారి యన్నంతనే మనకు ఇసుక తిన్నెలును, ఒంటెల బారులును, మాడ్చివేయు ఎండయును స్ఫురించుట సహజము. ఎడారిలో వాన కురియునా యని మాకు వచ్చు ఉత్తరములలో పలువురు అడుగుచుందురు. కురియును. ఆ కురిసిన కొలది దినములే అచ్చటి సంవత్సరమంతటికి ఆధారము. అయితే చలికాలమున కురియు వాన ఎడారి మొక్కకు ప్రాణము పోయను వచ్చును, తీయను వచ్చును. ఈ రెంటి నడుమ తోటపనివారు ఏమి చేయుదురో, ఎందులకు చేయుదురో వివరించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నైరుతి దిక్కున అరిజోనా రాష్ట్రము కలదు. దాని ముఖ్యపట్టణము ఫీనిక్స్. ఆ నగరమునకు తూర్పు వైపున, ఎఱ్ఱని రాతి గుట్టల నడుమ, పాపగో పార్కు అను విశాలమైన ప్రదేశమున 'డెజర్ట్ బొటానికల్ గార్డెన్' అను ఎడారి వృక్షోద్యానము ఉన్నది. అచ్చటి మహాజెముడు వృక్షములను కాపాడుటకై 1914లో ప్రభుత్వమువారు ఆ ప్రదేశమును జాతీయ స్మారకముగా ప్రకటించిరి. 1930లో ఆ హోదాను తీసివేసిరి. ఎడారి యనిన పనికిరాని బీడు అను భావము ఆ దినములలో అచ్చటను బలముగానే ఉండెడిది. స్వీడను నుండి వచ్చి స్థిరపడిన గుస్తాఫ్ స్టార్క్ అను వృక్షప్రియుడును, గెర్‌ట్రూడ్ డివైన్ వెబ్‌స్టర్ అను ఉదారురాలును, మరికొందరును పూనుకొనగా 1939లో ఈ తోట తెరవబడినది. నేడు దాని విస్తీర్ణము సుమారు 140 ఎకరములు. అందలి మొక్కలు 50,000కు పైబడి యున్నవి.

మన అనంతపురమును మనము కరవుసీమ యందుము. అచ్చట సాలునకు సగటున 22 అంగుళముల వాన పడును. ఫీనిక్స్‌లో పడునది 7, 8 అంగుళములు మాత్రమే. అదియును రెండు విడతలుగా వచ్చును. జూలై మొదలు సెప్టెంబరు వరకు ఉరుములతో, ధూళి తుపానులతో ఒక్కసారిగా కుమ్మరించి పోవునది మొదటిది. నవంబరు మొదలు మార్చి వరకు పసిఫిక్ మహాసముద్రము మీదుగా వచ్చు మేఘములు మెల్లమెల్లగా కురిపించునది రెండవది. సరిహద్దునకు ఆవలి మెక్సికో రైతులు ఈ చలివానలకు 'ఏకిపాతాస్' అని ప్రత్యేకముగ పేరు పెట్టుకొన్నారు. మన ముసురు వంటిదే. గాలి హోరు లేదు, ఉరుము లేదు. సన్నని తుంపర తెల్లవారుజాము మొదలు సాయంకాలము వరకు పడుచునే యుండును. వేసవి వాన సగము వంకలలో పడి కొట్టుకొనిపోవును గాని, ఈ ముసురు నేలలోనికి ఇంకును. అందుచేత అంగుళమునకు అంగుళము లెక్కించినచో దీని విలువయే ఎక్కువ యని చెప్పవచ్చును.

అట్టి దినమున, గాలిలో వేడిమి పది పండ్రెండు సెంటీగ్రేడు డిగ్రీలకు మించనపుడు, తోటపనివారు చేయవలసిన మొదటి పని నీరు కట్టివేయుట. బిందువు బిందువుగా నీరు వదలు గొట్టములను మూసివేయుదురు. శీతకాలమున జెముడు జాతులకు అసలు నీరు తగ్గింతురు. వాన వచ్చినచో ఆ కొంచెమును నిలిపివేయుదురు. తరువాత పాదులు చూడవలెను. ఎడారి నేలలో అడుగున సున్నపు కంకర గట్టిపడి సిమెంటు పలకవలె ఉన్న తావులు కలవు. అట్టిచోట నీరు క్రిందికి దిగక మొక్క మొదట నిలుచును. ఒక దినము నిలిచిన బాధ లేదు. చలిలో నాలుగు దినములు నిలిచినచో వేళ్లకు ఊపిరాడదు, కుళ్లు పట్టును. అందుచేత పార పట్టి బోదెలు తీసి ఆ నీటిని వంకలోనికి మళ్లింతురు. నీటి కొరకు బోదెలు తీయుటయే ఎరిగిన మనకు, ఎడారిలో నీటిని వదలించుకొనుటకు బోదెలు తీయుట వింతగా తోచును.

ఆ సమయమున తోటయంతయు ఒక విలక్షణమైన వాసన వ్యాపించి యుండును. తొలకరి నాటి మట్టివాసన మనకు పరిచితమే. కనోజ్‌లో దానిని అత్తరుగా దింపుట గూడ చాలమంది ఎరుగుదురు. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ వాసనకు 'పెట్రికోర్' అని నామకరణము చేసిరి. అరిజోనాలో దానికి తోడు ఇంకొకటి కలదు. క్రియొసోట్ అను పొద ఆకులపై జిగురు వంటి పూత ఉండును. ఎండలో నీరు ఆవిరి కాకుండ ఆకును కాపాడునది ఆ పూతయే. చినుకు తగిలినంతనే దానినుండి ఘాటైన పరిమళము వెలువడును. స్పానిష్ భాషలో ఆ పొదకు 'చిన్న కంపు' అను అర్థము వచ్చు పేరు కలదు గాని, అచ్చటివారికి ఆ వాసనయే వాన. ఎంత దూరమున నున్నను దానిని తలచుకొని బెంగపడువారు గలరు.

ఈ తోటకు పెద్ద 'సవారో' అను మహాజెముడు. ఇది నలువది అడుగుల వరకు పెరుగును. నూటయేబది యేండ్లకు పైగా బ్రతుకును. పదియేండ్ల పిల్లమొక్క మన బొటనవ్రేలంత ఉండును. మొదటి కొమ్మ వేయుటకు అరువది డెబ్బది యేండ్లు పట్టవచ్చును. దాని బోదెపై నిలువుగా మడతలు గలవు. హార్మోనియపు తిత్తిని చూచినవారికి ఆ మడతల ప్రయోజనము చెప్పనక్కరలేదు. నీరు దొరికినపుడు మడతలు విచ్చుకొని బోదె లావగును, ఎండకాలమున ముడుచుకొని సన్నగిలును. నీరు నిండిన పెద్ద సవారో బరువు టన్నులలో ఉండును. ఇంత బరువును మోయు వేళ్లు లోతునకు పోవు ననుకొందుము. నడుమ ఒక్క తల్లివేరు రెండు మూడడుగులు దిగును. తక్కినవన్నియు నేల పైపొరలో కొలది అంగుళముల లోతుననే, చెట్టు ఎత్తెంతో దాదాపు అంత దూరము నలువైపుల ప్రాకును. పై పొర తడిసినంతనే నీరు పట్టుకొనుటకు ఈ ఏర్పాటు. ఎండి నిద్రాణముగ నున్న వేళ్లు తడి తగిలిన కొలది గంటలలో నీరు పీల్చుటకు మొదలిడును. కొన్ని దినములలో కొత్త పిల్లవేళ్లు పుట్టును. కనుక ముసురు దినమున చెట్ల చుట్టు నడువవద్దని పనివారికి కట్టడి యుండును. తడినేలను త్రొక్కినచో అది గట్టిపడి వేళ్లకు గాలి యందదు. పైగా నేల మెత్తబడి గాలి విసరినపుడు, కడుపునిండ నీరు త్రాగిన చెట్టే ఒరిగి పడిపోవుట కలదు. పనివారు ఒరిగిన చెట్లను గుర్తించి, ఊతములు సరిగ నున్నవో లేవో చూచుచుందురు.

ఎడారి మొక్కల ఊపిరి విషయము కొంచెము వివరింపవలెను. మామూలు మొక్కలు పగటివేళ ఆకులలోని రంధ్రములు తెరచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొనును. తలుపు తెరచినపుడెల్ల లోని నీరు ఆవిరియై పోవును. ఎడారిలో పగలు తలుపు తెరచుట ఆత్మహత్య వంటిది. కాబట్టి జెముడు జాతులు చల్లని రాత్రివేళ రంధ్రములు తెరచును. వాయువును పులుపు పదార్థముగా మార్చి దాచుకొనును. పగలు తలుపు మూసికొని, సూర్యరశ్మి సాయముతో ఆ నిలువను ఆహారముగా మార్చుకొనును. ఈ రహస్యమును గూర్చిన తొలి సూచనలలో ఒకటి మన దేశము నుండియే వెళ్లినది. రాక్స్‌బరో దొర అనంతరము సామర్లకోటలో కుంపిణీవారి తోటను చూచిన బెంజమిన్ హైన్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు, రణపాల ఆకు ఉదయము పుల్లగను, మధ్యాహ్నమునకు చప్పగను, సాయంకాలమునకు కొంచెము చేదుగను ఉండుట గమనించి లండనునకు లేఖ వ్రాసెను. అది 1815లో లినేయన్ సొసైటీ పత్రికలో ప్రకటితమైనది. పెరటిలో రణపాల గలవారు తెల్లవారుజామున ఆకు కొసను కొరికి చూడవచ్చును. నమలి ఉమిసివేసిన చాలును, మ్రింగవద్దు. అదే ఆకును మధ్యాహ్నము కొరికినచో తేడా వెంటనే తెలియును. రాత్రి చల్లబడుట ఎడారి మొక్కకు సుఖము గాదు, అవసరము. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

వాన కొంచెము తెరపి యిచ్చినపుడు అందరును కలుపుతీతకు దిగుదురు. ఎండిన ఎడారి నేలలో గడ్డి దుబ్బును పెరుకుట ఎంత కష్టమో, తడిసిన నేలలో అంత సులభము. అచ్చటి కలుపులో ముఖ్యమైనది బఫెల్ గడ్డి. 1930 ప్రాంతముల నుండి పశువుల మేత కొరకు, నేల కోత నరికట్టుటకు దీనిని తెచ్చిరి. ఆఫ్రికా మొదలు మన దేశము వరకు సహజముగ పెరుగు ఈ గడ్డిని రాజస్థానమున అంజన్ గడ్డి యని మెచ్చుకొందురు. అరిజోనాలో అది శత్రువైనది. జెముడు మొక్కల నడుమ పూర్వము బోడినేల యుండెడిది. నిప్పు పుట్టినను ప్రాకుటకు దారి లేదు. ఇప్పుడు ఆ ఖాళీలలో ఎండుగడ్డి నిండి, నిప్పు ఎరుగని చెట్లకు నిప్పు తెచ్చిపెట్టుచున్నది. దీనికి బదులు తీర్చినట్లు అమెరికా మెస్కీట్ చెట్టు దాయాది మన దేశమునకు వచ్చి, సర్కారు తుమ్మ యను పేర చెరువు గట్లను, బీడులను ఆక్రమించినది. మన కంచెలలోని నాగజెముడు గూడ ఆ ఖండము నుండి వచ్చినదే. బొంతజెముడు మాత్రము మన సొంతము. రూపమున పోలిక యున్నను అది వేరొక కుటుంబమునకు చెందినది.

వాన మరల ముదిరినచో విత్తనముల గదిలో పని సిద్ధముగ నుండును. పొట్టు చెరుగుట, జల్లించుట, పొట్లములు కట్టి పేర్లు వ్రాయుట. బయట నేలలో సహజముగ రాలిన విత్తనములును ఆ సమయమున తమ పనిలో నున్నవి. ఎడారిలో వసంతమున బంగారు వన్నె గసగసాల జాతి పూలు, నీలి లూపిన్ పూలు కొండవాలులను కప్పివేయు దృశ్యమును చిత్రములలో చాలమంది చూచియుందురు. ఆ విత్తనములు ఏ చినుకునకు బడితే ఆ చినుకునకు మొలవవు. ఫ్రిట్స్ వెంట్ అను శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో ఎడారి మట్టిని ప్రయోగశాలకు తెచ్చి పరీక్షించెను. అర అంగుళమునకు తక్కువ వానకు విత్తనములు కదలలేదు. అంగుళము, రెండంగుళముల వానకు చక్కగా మొలచినవి. అదే నీటిని అడుగునుండి ఎక్కించి మట్టిని తడిపినపుడు మొలవలేదు. కారణమేమన, విత్తనపు పైతొక్కలో మొలకను నిరోధించు పదార్థము కలదు. పైనుండి పారిన నీరు దానిని కడిగివేయవలెను. అట్లు కడిగివేయునంత వాన పడినదనిన, పూచి కాచుటకు చాలినంత తడి నేలలో ఉన్నదని అర్థము. పైగా కొన్ని విత్తనములు చలిలో తడిసిననే మొలచును, కొన్ని వేడిలో తడిసిననే. లెక్కరాని విత్తు ఇంత జాగ్రత్తగా లెక్కచూచుకొనుట ఎవరికైనను ముచ్చట గొల్పును.

సాయంకాలమునకు మబ్బు విచ్చుకొన్నదనుకొందము. చూచువారికి ఆనందము, తోటవారికి అప్పుడే దిగులు. మేఘము నేలపై కప్పిన దుప్పటి వంటిది. అది యున్నంత వరకు నేలలోని వేడి ఆకాశమునకు పోదు. వాన కురియు రాత్రి చలి ఒక హద్దులో నుండును. వాన వెలిసి, గాలి నిలిచి, నక్షత్రములు తళతళలాడు రాత్రియే నీరు గడ్డకట్టు చలి వచ్చును. బరువైన చల్లని గాలి నీటివలె పల్లమునకు పారి వంకలలో నిలుచును. అందుచేత ఒకే తోటలో గుట్టవాలున నున్న మొక్క బ్రతికి, పది గజముల దిగువ నున్నది చచ్చుట కలదు. అంతకు ముందే వాన త్రాగి యుండుట మరింత ప్రమాదము. నీరు తక్కువగ నున్న జెముడు కణములలో రసము చిక్కబడి చలికి ఓర్చును. నీరు నిండిన కణములలో రసము పలుచన. ఇచ్చట ఒక చిక్కు కలదు. తడినేల పొడినేల కంటె పగటి వేడిని ఎక్కువ దాచుకొని రాత్రి విడుచును. ఆ కారణముననే చలి రాత్రికి ముందు తోటలకు నీరు పెట్టుడని నిమ్మతోటల రైతులకు సలహా ఇత్తురు. ఆ సలహా జెముడునకు పనికిరాదు.

ఎంత చలికి సవారో చచ్చును? ఈ ప్రశ్నకు 1911లోనే ఫారెస్ట్ ష్రీవ్ అను శాస్త్రజ్ఞుడు సమాధానము చెప్పెను. టూసాన్ పట్టణపు గుట్టపై కార్నెగీ సంస్థవారు 1903లో స్థాపించిన ఎడారి పరిశోధనశాలలో ఆయన పనిచేసెను. చలి ఎంత తీవ్రమైనది అనుట కంటె ఎంతసేపు నిలిచినది అనుట ముఖ్యమని ఆయన తేల్చెను. రాత్రి గడ్డకట్టినను మరునాటి మధ్యాహ్నమునకు కరగినచో చెట్టు తట్టుకొనును. పగలంతయు కరగక రెండవ రాత్రి వచ్చినచో తట్టుకొనలేదు. ఉత్తరమున, ఎత్తైన కొండలపై సవారో కనిపించకపోవుటకు ఇదియే ముఖ్య కారణము.

కప్పుటలో తోటవారి ఉపాయము చూడదగినది. ఇరువది ముప్పది అడుగుల చెట్టును దుప్పటితో కప్పుట సాధ్యము కాదు, అవసరమును లేదు. కాపాడవలసినది మొవ్వు. తాటిచెట్టుకు వలె దీనికిని పెరుగుదల అంతయు కొసనే యున్నది. కొసపై ముండ్లు, నూగు దట్టముగ నుండుట ప్రకృతి ఇచ్చిన టోపీ. పసి మొక్కలకు, దక్షిణాది నుండి తెచ్చిన సుకుమార జాతులకు ఆ టోపీ చాలదు. వాటి కొసలపై థర్మోకోల్ కప్పులు బోర్లింతురు. కాఫీ త్రాగు కప్పులే. చలికాలపు సాయంకాలము ఆ వీధులలో నడచువారికి జెముడు మొక్కలన్నియు తెల్లని టోపీలు ధరించి నిలుచున్నట్లు కనబడును. పొదలపై పల్చని బట్ట గాని గోనెపట్ట గాని కప్పుదురు. ప్లాస్టిక్ కాగితము మొక్కకు తగులరాదు. తగిలినచోట చలి నేరుగ సోకును. బట్ట తడిసి యుండరాదు. తడిగుడ్డ క్రింద రెండు మూడు దినములున్న మొక్క కుళ్లును. ముసురు వెలిసిన సాయంకాలము, మొక్కలు తడియారుటకును చీకటి పడుటకును నడుమ దొరకు ఒకటి రెండు గంటలలోనే ఈ పనియంతయు జరుగవలెను. అన్నిటిని కప్పుటకు చేతులు చాలవు. ఏది ముందు, ఏది విడువవచ్చును అని నిర్ణయించుటలోనే తోటమాలి అనుభవము తెలియును. పొద్దెక్కిన పిదప కప్పులు, బట్టలు తీసివేయుట మరువరాదు.

చలి దెబ్బ వెంటనే కనబడదు. కొన్నిటికి కొమ్మలు వారములకు గాని వాలవు. కొన్ని చెట్లు సంవత్సరముల తరబడి నిలిచి, తరువాత కూలును. ఈ ఆలస్యము శాస్త్రజ్ఞులను గూడ మోసగించినది. 1940 ప్రాంతమున టూసాన్ వద్ద సవారో చెట్లు వరుసగా కుళ్లి పడిపోవుచుండగా అది సూక్ష్మజీవుల అంటురోగమని తలచి, రోగపు చెట్లను నరికి పాతిపెట్టించిరి. మరణములు ఆగలేదు. దశాబ్దముల పరిశీలన తరువాత, మూలకారణము మునుపటి చలి యనియు, చచ్చుచున్న కండలో చేరిన సూక్ష్మజీవులు పిమ్మట వచ్చినవే యనియు తేలినది. పిల్లమొక్కలకు నీడయు వెచ్చదనమును ఇచ్చు పాలోవెర్దె, మెస్కీట్ చెట్లను కొట్టివేయుట, పశువులు త్రొక్కుట కూడ నష్టము చేసినవి. దాది చెట్టు క్రింద పుట్టిన పిల్ల సవారోకు చలిరాత్రి దాని కొమ్మలే కప్పు.

ఇదంతయు చలిని గూర్చిన భయము. ఇటీవల భయము రెండవ వైపు నుండి వచ్చినది. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 దినములు ఎండ 43 డిగ్రీలు దాటినది. అంతకంటె చేటు రాత్రుల వలన కలిగినది. ఎన్నో రాత్రులు వేడిమి 32 డిగ్రీలకు దిగలేదు. వేసవి వాన ముఖము చాటు చేసెను. ఆ యేడు తోటలోని సవారో చెట్ల కొమ్మలు ఊడిపడినవి. కొన్ని నిలువునా కూలినవి. రాత్రి చల్లబడనిచో చెట్టు తలుపు తెరువలేదనియు, ఊపిరి యాడని చెట్టు లోలోపల చీకిపోవుననియు తోట శాస్త్రజ్ఞులు వివరించిరి. రణపాల ఆకు పులుపును గూర్చి పైన చెప్పినది ఇందులకే. చలికి థర్మోకోల్ కప్పు కలదు. వేడి రాత్రికి అట్టి కప్పు లేదు. పిల్లమొక్కలకు నీడబట్టలు కట్టుట, ఎక్కువ వేడికి ఓర్చిన చెట్ల విత్తనమును ఏరి పెంచుట, ఇప్పుడు అచ్చట జరుగుచున్న పనులు.

మన యిండ్లలో గూడ కుండీలలో జెముడు మొక్కలు పెంచు వాడుక హెచ్చినది. వానాకాలమున, తరువాతి చలినెలలలో అవి కుళ్లిపోవుచున్నవని పలువురు వ్రాయుచున్నారు. కుండీ అడుగున రంధ్రము మూసికొనిపోలేదు గదా యని చూడుడు. మట్టిలో సగము గులకయిసుక కలుపుడు. ముసురు పట్టినపుడు కుండీని చూరు నీరు పడని తావునకు జరుపుడు. వంటగది కిటికీ వద్ద గాక, గాలి తగులు వరండాలో నుంచుడు. డిసెంబరు, జనవరి నెలలలో మట్టి పూర్తిగ ఎండిన వారమునకు గాని నీరు పోయకుడు. మొదలు మెత్తబడినచో పై భాగమును శుభ్రమైన కత్తితో కోసి, పది దినములు నీడన ఆరబెట్టి, పొడి యిసుకలో నిలుపుడు.